రిలాక్సర్ మానేసి నాలుగేళ్లు: గిరజాల జుట్టుతో నా కాపురం

ముందే చెప్పేస్తా, ఇది ఏ ఒక్క సీసా గురించీ రాసిన సమీక్ష కాదు. పదకొండేళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రిలాక్సర్ (చుట్ల జుట్టుని సాఫు చేసే రసాయన క్రీమ్) పెట్టించుకుని, మానేసి, నాలుగేళ్లుగా సొంత జుట్టుతో వేగుతున్న మనిషి చెప్పే లెక్క. నా జుట్టు మామూలు ఉంగరాల జుట్టు కాదు. ముందువైపు పెన్సిలుకి చుట్టినట్టుంటుంది, మెడ దగ్గరికొచ్చేసరికి బాల్ పెన్ను లోపలి స్ప్రింగంత బిగువు. తడిగా ఉన్నప్పుడు లాగి చూస్తే భుజం దాటుతుంది. ఆరాక ఎగిరొచ్చి చెవుల దగ్గర కూర్చుంటుంది. ఇలాంటి జుట్టు ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది. మిగతావాళ్లు కాలక్షేపానికి చదువుకోవచ్చు.

రిలాక్సర్‌ని తిట్టి మొదలుపెట్టడం నాకిష్టం లేదు. అది చెప్పిన పని చేసింది. పొద్దున్నే రెండు నిమిషాల్లో దువ్వుకుని బయటపడే సుఖం పదకొండేళ్లు అనుభవించాను. కానీ ఆ క్రీమ్ పీహెచ్ 12కి పైమాటే, అంటే బాగా ఘాటైన క్షారం. వెంట్రుక లోపల కెరటిన్ అనే ప్రోటీను పోగుల్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాల్ని ఆ క్షారం తెంపేస్తుంది, అవి మళ్లీ పాత రూపంలో అతుక్కోవు. అందుకే ఒకసారి రిలాక్స్ చేసిన వెంట్రుకకి ఏ మాస్కూ, ఏ సీరమూ పాత చుట్లు తెచ్చిపెట్టలేదు. ఈ ఒక్క ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే "చుట్లు మేల్కొలిపే" క్రీములు మూడు కొనకుండా ఉండేదాన్ని.

నేను వాడింది నో-లై రకం. లై అంటే సోడియం హైడ్రాక్సైడ్. నో-లైలో ఎక్కువగా కాల్షియం హైడ్రాక్సైడ్ క్రీమునీ, గ్వానిడిన్ కార్బొనేట్ ద్రవాన్నీ అప్పటికప్పుడు కలుపుతారు. మాడుకి కాస్త మెత్తన అంటారు గానీ వెంట్రుక మీద కాల్షియం పేరుకుపోయి గడ్డిలా ఎండిపోతుంది. మెత్తన అన్నమాట కూడా నా మాడు ఒప్పుకోలేదు. చివరిసారి పెట్టించుకున్నప్పుడు ముందురోజు తల గోక్కున్నాను (గోక్కోకూడదు, తెలుసు). క్రీమ్ పెట్టిన పది నిమిషాలకి చెవి వెనక నిప్పు పెట్టినట్టయింది. "మంటగా ఉందండీ" అంటే, "మంట పుడితేనే పని చేస్తున్నట్టు, ఇంకో అయిదు నిమిషాలు ఓర్చుకోండి" అంది పార్లరమ్మాయి. ఓర్చుకున్నాను. ఆ రాత్రి దిండు గలీబుకి పసుపుపచ్చటి రసి అంటుకుంది. చెక్కు కట్టి ఊడటానికి రెండు వారాలు పట్టింది. మూడో వారంలో మళ్లీ అపాయింట్‌మెంట్ గుర్తుచేస్తూ మెసేజ్ వచ్చింది. జవాబివ్వలేదు. నా "నిర్ణయం" అంతే, అంతకు మించి గొప్ప కారణం లేదు.

భయం తర్వాతొచ్చింది. 2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వాళ్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. 33 వేలమందికి పైగా ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించారు. జుట్టు సాఫు చేసే రసాయనాలు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, అధ్యయనంలో చేరడానికి ముందు ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవాళ్లలో 4.05 శాతమని అంచనా కట్టారు. ఇది సంబంధమే గానీ దీనివల్లే అని తేలిన విషయం కాదు. అయినా ఏడాదికి కనీసం ఆరుసార్ల చొప్పున పదకొండేళ్లకి లెక్కేసి చూసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక అసలు కథ. మానేసినవాళ్ల ముందు రెండు దారులుంటాయి. రసాయనం తగిలిన జుట్టంతా ఒకేసారి కత్తిరించెయ్యడం ఒకటి, పెరిగేకొద్దీ కింది నుంచి కొంచెం కొంచెం తీసెయ్యడం రెండోది. నేను రెండోది పట్టుకున్నాను. పొడుగు మీద మమకారం మరి. ఇప్పుడైతే ఎవరికీ చెప్పను. జుట్టు నెలకి సెంటీమీటరుంపావు చొప్పున పెరుగుతుంది, ఏడాదికి 15 సెంటీమీటర్లు అనుకోండి. పది నెలలు దాటేసరికి కుదుళ్ల దగ్గర బిగువు చుట్లు, కింద తాడులా వేలాడే సాఫు జుట్టు. తడిపినప్పుడు ఆ రెండూ కలిసేచోట గీత గీసినట్టు కనిపించేది. సరిగ్గా అక్కడే తెగేది. పొడుగు కాపాడుకుందామని ఆగితే ఆ గీత దగ్గర పుటుక్కున తెగి, ఒక్కో పాయ ఒక్కో పొడుగున తయారైంది. పద్నాలుగో నెలలో ఒక ఆదివారం స్నానాలగదిలో నిలబడి, తడి జుట్టుని చిన్న పాయలుగా విడదీసి, ఆ గీతకి వేలెడు పైన కత్తెర పెట్టాను. మొదటి పాయ కోసినప్పుడు గుండె ఝల్లుమంది. నాలుగోదానికి చెయ్యి అలవాటుపడింది. పూర్తయ్యాక అద్దంలో నన్ను చూసి నవ్వొచ్చింది, చిన్నప్పటి ఫోటోలో మొహం. ఇంట్లో వాళ్లకి రాలేదు. "ఏమైందే, ఏదైనా జబ్బా?" అంది అమ్మ.

ఆఫీసులో ప్రశ్న వేరు. "ఏంటి, ఈరోజు దువ్వుకోలేదా?" దువ్వుకుంటేనే అసలు ప్రమాదం అని ఎంతమందికని చెప్తాం? పొడిజుట్టు మీద దువ్వెన పెడితే చుట్లన్నీ విడిపోయి పత్తి పీకినట్టవుతుంది, పైగా తెగుతుంది. ఇలాంటి వెంట్రుక అడ్డకోతలో గుండ్రంగా కాక చదునుగా ఉంటుంది, మెలిక తిరిగిన ప్రతిచోటా బలహీనం. మాడులో ఊరే నూనె అన్ని మెలికలు దాటి చివరిదాకా దిగలేదు. కాబట్టి మాడు జిడ్డు, చివర్లు ఎండు, రెండూ ఒకే తల మీద. మొదటి ఏడాది దీన్ని అర్థం చేసుకోవడానికే పోయింది.

ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే, నేనూ పడ్డాను. నూనె అంటే తేమ కాదు. జుట్టు ఎండినట్టుంటే నూనె, ఇంకా ఎండినట్టుంటే ఇంకా నూనె. ఆర్నెల్లు ఇలా చేస్తే దిండ్లు పాడయ్యాయి గానీ జుట్టు మెత్తబడలేదు. తేమ అంటే నీళ్లు. ముందు నీళ్లు, ఆ నీళ్లు పోకుండా పైన కండిషనరో క్రీమో, కావాలంటే ఆపైన నాలుగు చుక్కల నూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలస్నానానికి ముందు రాస్తే ప్రోటీను కోల్పోవడం తగ్గుతుంది, అది నిజమే. అందుకే దాన్ని స్నానానికి గంట ముందుకి మార్చాను. అక్కడ దానికి పూర్తి మార్కులు. స్నానం తర్వాత రాసుకుంటే నాకు సున్నా.

తలస్నానం వారానికోసారి, రెండున్నర గంటలు. రాసేటప్పుడే అలసటొస్తోంది. తలని ఎనిమిది భాగాలు చేసి క్లిప్పులు పెడతా. ఒక భాగం విప్పి, బాగా తడిపి, నీళ్లోడుతుండగానే కండిషనర్ దండిగా పట్టిస్తా. చేతికి జారుడు తెలియాలి, చేపని పట్టుకున్నట్టు. అప్పుడు వేళ్లతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకుంటూ వెళ్లాలి. మెడ దగ్గరి పాయలో ప్రతి వారం ఒకే చోట బఠాణీ గింజంత చిక్కుముడి ఉంటుంది. లాగితే పుటుక్కుమంటుంది. వేలికొసలతో రెండు పక్కలా విడదీస్తూ, మధ్యలో ఇంకాస్త కండిషనర్ అద్దుతూ ఉంటే ఒక్కో వెంట్రుకా బయటికొస్తుంది, చివరికి రాలిన వెంట్రుకల ఉండ చేతిలో మిగులుతుంది. మొదట్లో ఆ ఉండ చూసి బట్టతలే అనుకున్నా. మనిషికి రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలు. చుట్ల జుట్టులో రాలినవి కింద పడవు, లోపలే ఇరుక్కుని వారానికోసారి ఒకేసారి బయటపడతాయి. రాలిన వెంట్రుకకి ఒక కొసన తెల్ల చుక్కంత కుదురు ఉంటుంది. అది లేకుండా పొట్టి ముక్కలు కనిపిస్తే మాత్రం తెగుతున్నట్టు.

వేళ్లయ్యాక వెడల్పు పళ్ల దువ్వెన. చిక్కు తీసే ప్రత్యేక బ్రష్షులు రెండు కొన్నాను, ఒకటి పళ్లు ఊడి డబ్బాలో ఉంది, రెండోదానితో పని తొందరగా అవుతుంది గానీ చప్పుడు నాకు నచ్చదు. ఆ చప్పుడు తెగుతున్న చప్పుడే.

స్ప్రే సీసా గురించి ఒక్క మాట: నేను కొన్నవాటన్నిట్లోకీ చవకది, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. అంతే.

జెల్ లేకుండా నా చుట్లు ఒక్కరోజు కూడా నిలబడవు. అవిసె గింజలు ఉడికించి ఇంట్లో చేసుకున్నాను ఏడాదిపాటు. బాగా పట్టు ఇస్తుంది, ఆరాక తెల్ల పొట్టు రాలదు. కానీ వేడిగా ఉండగానే వడకట్టకపోతే జలుబు చేసిన ముక్కులా సాగుతుంది, గుడ్డలోంచి దిగి చావదు. ఫ్రిజ్‌లో పెట్టినా వారానికి వాసనొస్తుంది. చివరికి కొన్న జెల్‌కే వచ్చాను, సిగ్గేం లేదు. గ్లిజరిన్ ఎక్కువున్నవి గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో నాకు బిరుసెక్కించాయి, ఆ రోజులకి వేరే జెల్ పెట్టుకున్నా.

రెండో ఏట చేసిన తప్పు ప్రోటీన్ మాస్క్. ఒకసారి వాడితే చుట్లు అద్భుతంగా వచ్చాయి. ఒకసారికే ఇంతుంటే అని ప్రతివారం పట్టించాను. అయిదోవారానికి జుట్టు చీపురు పుల్లలైంది, వంచితే టిక్కుమని విరుగుతోంది. ఆపి, ప్రోటీన్ లేని మెత్తటి కండిషనర్లతో రెండు నెలలు బతిమాలుకుంటే దారికొచ్చింది. ఇప్పుడు రెండు నెలలకోసారే. ఇంకో తప్పు, రోజూ బిగించి వెనక్కి పోనీటెయిల్ వేయడం. నుదుటి పక్కన వెంట్రుకలు పల్చబడ్డాయి. లాగుడు వల్ల ఊడే జుట్టు మొదట్లో పట్టుకుంటే తిరిగొస్తుంది, ఏళ్లు సాగితే రాకపోవచ్చు. వదులు చేశాక నాకు ఎడమవైపు పూర్తిగా వచ్చింది, కుడివైపు ఇంకా సందేహమే.

చుట్ల రకాలకి 4ఏ, 4బి, 4సి అని పేర్లుంటాయి. ఆండ్రే వాకర్ అనే హెయిర్ స్టైలిస్టు 1990ల్లో పెట్టిన వరసని తర్వాతివాళ్లు పెంచుకుంటూ పోయారు. నా రకమేంటో తేల్చుకోవడానికి వారాలు తగలేశాను. నా తల మీదే మూడూ ఉన్నాయి. జుట్టు నీళ్లని ఎంత తొందరగా పీల్చుకుంటుంది, ఎంతసేపు నిలుపుకుంటుంది అన్నది తెలిస్తే అంతకంటే పనికొస్తుంది. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా చూడమంటారు, నమ్మకండి. వెంట్రుకకి కాస్త జిడ్డంటినా తేలుతుంది. కడిగిన జుట్టు ఆరడానికి ఎన్ని గంటలు పడుతుందో చూసుకుంటే చాలు. నాది మెడ దగ్గర ఆరు గంటలైనా ఆరదు.

ఆరకుండానే ముడేసుకుని పడుకునే బద్ధకం ఒకటుంది నాకు. దానికి శిక్షగా మాడుకి దురద, ముక్కిపోయిన వాసన. ఇప్పుడు రాత్రి స్నానాలు బంద్.

రాత్రిళ్లు శాటిన్ బానెట్ (పడుకునేటప్పుడు జుట్టు మీద తొడుక్కునే టోపీ) తప్పనిసరి. పట్టుదే కావాలని ఖరీదైనది కొననక్కర్లేదు. పట్టు అంటే దారం, శాటిన్ అంటే నేత. పాలిస్టర్ శాటిన్ నాకు అదే పని చేసిపెట్టింది. కాటన్ గలీబు తేమంతా పీల్చేసి, రుద్ది రుద్ది చిక్కులు పెడుతుంది. బానెట్ అర్ధరాత్రి ఊడి మంచం కింద దొరికే సమస్యకి మాత్రం విరుగుడు దొరకలేదు. అందుకే గలీబు కూడా శాటిన్‌దే వేశా.

మళ్లీ రిలాక్సర్‌కి వెళ్తావా అని అడిగేవాళ్లున్నారు. ప్రయాణం ముందురోజు, తలస్నానం వాయిదా వేసి వేసి పదోరోజుకొచ్చినప్పుడు, ఆ రెండు నిమిషాల దువ్వెన గుర్తొస్తుంది, అబద్ధమాడను. అప్పుడు చెవి వెనక తడుముకుంటా. చెక్కు ఊడినచోట చిక్కుడు గింజంత నున్నటి మచ్చ ఉంది, అక్కడ నాలుగేళ్లుగా ఒక్క వెంట్రుకా మొలవలేదు. దాని చుట్టూ ఉన్న చుట్లే కాస్త సాగి దాన్ని కప్పేస్తున్నాయి. ఇవాళ శనివారం, తొమ్మిదో రోజు. కొబ్బరినూనె రాసుకుని గంటైంది, లేవాలి.