ఫైల్ ఓపెన్ విండోలో టైప్ చేస్తే పేరు మీదికి దూకాలా, వెతకడం మొదలెట్టాలా?

మెయిల్‌కి ఫైల్ అటాచ్ చేయడానికి తెరిచే విండో సంగతి ఇది. జాబితా మీద క్లిక్ చేసి ఎం, ఏ, ఆర్ అని కొడితే ఏం జరుగుతుందన్నది ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది.

విండోస్‌లో ఆ అక్షరాలతో మొదలయ్యే మొదటి ఫైల్ సెలెక్ట్ అవుతుంది. మ్యాక్‌లోనూ దాదాపు అంతే. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకి మాత్రం అప్పటిదాకా కళ్ల ముందున్న జాబితా మాయమై, లోపలి ఫోల్డర్లతో సహా వెతికిన ఫలితాలు వస్తాయి.

నా ఓటు దూకడానికే. ఫోల్డర్ దాకా వచ్చిన మనిషికి ఫైల్ ఎక్కడుందో తెలుసు, అక్కడికి త్వరగా చేరితే చాలు. మార్చి బిల్లు మీదికి వెళ్తే పక్కనే మే నెలది కూడా కనిపిస్తుంది. వెతుకులాటలో ఆ ఇరుగుపొరుగు పోతుంది. పైగా ఫలితాలు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే వరస మారుతుంది, ఎంటర్ కొట్టాలంటేనే టెన్షన్. వెబ్‌సైట్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఇండెక్స్ అని కొట్టి చూడండి. కావలసిన ఫైల్ ఎదురుగానే ఉన్నా, నోడ్ మాడ్యూల్స్ అనే లైబ్రరీల ఫోల్డర్ లోపలున్న అదే పేరు ఫైళ్లన్నీ వచ్చి మీద పడతాయి.

అలాగని దూకడానికి లోటు లేదని కాదు. అది పేరు మొదలునే చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ఫొటోలు ఐఎంజి అని మొదలై, తర్వాత తేదీ, చివర డబ్ల్యూఏ0007 లాంటి నంబరుతో ఉంటాయి. ఆ చివరి ముక్క ఒక్కటే గుర్తుంటే దూకి లాభం లేదు, వెతకాల్సిందే. టైప్ చేస్తూ కాస్త ఆగితే విండోస్ మళ్లీ మొదటి అక్షరం నుంచి లెక్కేస్తుంది, అదీ చిరాకే. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు కీబోర్డ్ మార్చాలి. పేరు ముందు 03 అని నెల అంకె పెట్టుకుంటే ఆ బాధ కొంత తప్పుతుంది.

అందుకే వెతకడానికి వేరే గడి ఉండాలి, విస్టా వెర్షన్ నుంచి విండోస్‌లో కుడివైపు పైన ఉన్నట్టు. అక్కడ క్లిక్ చేశామంటే వెతకమని మనమే అడిగినట్టు. ఒట్టి అక్షరం నొక్కితే అడిగినట్టు కాదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ అయిన కేడీఈ విండో. తెరవగానే కర్సర్ ఫైల్ పేరు గడిలో ఉంటుంది. రెండు అక్షరాలు కొడితే ఆ ఫోల్డర్‌లోని పేర్లు కిందికి జారుతూ కనిపిస్తాయి, జాబితా మాత్రం కదలదు. పాత్, అంటే ఫైల్ ఉన్న చోటు పూర్తి చిరునామా, మొత్తం పేస్ట్ చేసినా ఒప్పుకుంటుంది. విండోస్‌లోనూ పేరు గడి ఇలాగే పనిచేస్తుంది. అందులో స్టార్, చుక్క, పీడీఎఫ్ కొట్టి ఎంటర్ నొక్కితే పీడీఎఫ్‌లే మిగులుతాయన్నది చాలామందికి తెలియదు.

గ్నోమ్ వాళ్లు మాట వినరని కాదు. ఓపెన్ విండోలో బొమ్మలు పెద్దగా కనిపించాలని 2004 నుంచి అడుగుతుంటే, 2023లో జీటీకే 4.10తో ఇచ్చారు (గ్నోమ్ విండోలు తయారయ్యేది ఈ జీటీకేతోనే). టైపింగ్ విషయం కూడా కనీసం ఒక సెట్టింగ్‌గా ఇస్తే బాగుంటుంది. ఈలోగా గ్నోమ్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కండి. పాత్ గడి తెరుచుకుంటుంది, పేరు సగం కొడితే మిగతాది అదే చూపిస్తుంది.