కెరీనా నీహారిక కోసం మూడు చోట్లు: గండికోట, సూర్యలంక, హార్సిలీ హిల్స్

రాత్రి ఆకాశాన్ని ఫోటో తీయాలనుకునే వారికి అందరూ ముందుగా చెప్పే పేరు లద్దాఖ్‌లోని హాన్లే. చీకటి విషయంలో మన దేశంలో దానికి సాటి వచ్చే చోటు లేదంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ నాకు ఎంతో ఇష్టమైన కెరీనా నీహారిక (నక్షత్రాలు పుట్టే వాయువు, ధూళి మేఘం) హాన్లేలో ఏ రాత్రీ ఉదయించదు. అది ఆకాశంలో అంత దక్షిణాన ఉంది. అదే రాయలసీమ నుంచి చూస్తే దిగంతానికి దాదాపు 15 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఓరియన్ నీహారిక కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఈ నక్షత్రాల పురిటిల్లు మన ఊళ్ళ మీదుగా ఏటా వెళ్తున్నా, కెమెరా అటు తిప్పేవారు తక్కువ. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

వెళ్ళడానికి మంచి సమయం ఉగాదికి ముందు వచ్చే అమావాస్య. ఆ రోజుల్లో రాత్రి పది, పదకొండు గంటల మధ్య నీహారిక సరిగ్గా దక్షిణానికి వస్తుంది. అగస్త్య నక్షత్రం (కానోపస్) నైరుతిలో దిగిపోతూ ఉంటుంది, త్రిశంకు నక్షత్ర మండలం (సదరన్ క్రాస్) ఆగ్నేయం వైపు నుంచి పైకి వస్తూ ఉంటుంది. వాటి మధ్య వెతకాలి. 14 డిగ్రీల పైన అది ఉండేది సుమారు రెండున్నర గంటలే. పైగా అంత కిందుగా ఉన్నప్పుడు దాని వెలుగు నడినెత్తి మీది నక్షత్రం కన్నా దాదాపు నాలుగింతల గాలిని దాటి రావాలి. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు నడినెత్తిన ఎంత చీకటి ఉందో కాదు, దక్షిణపు అంచున ఏముందో చూడాలి.

గండికోటకు నేను మొదటి స్థానం ఇస్తాను. హైదరాబాదు నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా జమ్మలమడుగు చేరితే, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. అందరూ పెన్నా లోయ అంచుకు వెళ్తారు. మనకు కావలసింది లోయ కాదు, దక్షిణం వైపు తెరిపిగా ఉన్న రాతి నేల. థర్మల్ విద్యుత్ కేంద్రం వెలుగు ఆగ్నేయంలో లేతగా కనిపిస్తుంది, నేరుగా దక్షిణం మాత్రం నల్లగా ఉంటుంది. నక్షత్రాల కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే ట్రాకర్‌ను సరిచూసుకోవడానికి ధ్రువ నక్షత్రం కూడా కనబడాలి. అది ఇక్కడ ఉత్తరాన 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే ఉత్తరాన ఒక చెట్టు అడ్డొచ్చినా పని సాగదు, దక్షిణాన ఒక గుట్ట అడ్డొచ్చినా సాగదు. రెండు వైపులా ఖాళీగా ఉన్న చోటు దొరకడం ఎంత కష్టమో దిగాక గానీ తెలియదు. గండికోటలో అలాంటి చోట్లు ఉన్నాయి, పగలే తిరిగి చూసి పెట్టుకోవాలి. పగలంతా కాగిన బండలు రాత్రి తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటాయి, అప్పటిదాకా నక్షత్రాలు వణుకుతున్నట్టు కనిపిస్తాయి.

బసకు పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ప్రైవేటు గుడారాలూ ఉన్నాయి. వారాంతంలో గుడారాల జోలికి వెళ్ళవద్దని నా గట్టి సలహా. ఒక చోట అర్ధరాత్రి దాకా ఫ్లడ్‌లైట్లు ఆర్పలేదు, ఎంత అడిగినా వినలేదు. మామూలు రోజుల్లో, ముందుగా ఫోను చేసి లైట్ల సంగతి మాట్లాడుకున్నాకే డబ్బు కట్టండి. భోజనం జమ్మలమడుగులో ముగించుకుని, రాత్రికి నీళ్ళు, తినడానికి ఏదైనా వెంట తెచ్చుకోవడం మేలు.

బాపట్ల దగ్గరి సూర్యలంకలో దక్షిణాన అంతా సముద్రమే, ఊరి దీపాలు లేవు. చూడగానే ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. కానీ నీటి మీది తేమ దిగంతం దగ్గర తెల్లటి తెర కట్టేస్తుంది, వేట పడవల దీపాలు అందులో కలుస్తాయి. లెన్సుకు వేడి పట్టీ చుట్టకపోతే అరగంటలో అద్దం చెమర్చుతుంది. ఉత్తరాన సరుగుడు తోటలు ధ్రువ నక్షత్రాన్ని దాచేస్తాయి, నీళ్ళకు దగ్గరగా జరిగితేనే కనబడుతుంది. పక్కనే వైమానిక దళం స్థావరం ఉంది కాబట్టి, రాత్రి ట్రైపాడ్‌తో తీరానికి వెళ్ళే ముందు పోలీసులకు చెప్పి అనుమతి తీసుకోండి. కుటుంబంతో వెళ్ళడానికి హాయిగా ఉంటుంది. ఫోటో కోసమే అయితే నేను వెళ్ళను.

హార్సిలీ హిల్స్ 1,200 మీటర్లకు పైగా ఎత్తు. దుమ్ము తక్కువ, చల్లగా ఉంటుంది, గదులు బాగుంటాయి, నీహారిక గండికోటలో కన్నా ఒక డిగ్రీకి కాస్త ఎక్కువే పైకి లేస్తుంది. అయితే ఆగ్నేయాన మదనపల్లె, నైరుతిన బెంగళూరు వెలుగులున్నాయి, వాటి మధ్య దొరికే చీకటి సందు ఇరుకు. కొండ మీద చెట్లు ఎక్కువ, రెండు దిక్కులూ తెరిచి ఉన్న చోటు పట్టుకోవడానికి సాయంత్రమంతా పడుతుంది.

ఇక కెమెరా సంగతి. హైడ్రోజన్ వెదజల్లే 656 నానోమీటర్ల ఎరుపు మామూలు కెమెరా ఫిల్టరులో చాలావరకు ఆగిపోతుంది. ఆ ఫిల్టరు తీసేయించిన కెమెరా, 135 లేదా 200 మి.మీ. లెన్సు, చిన్న ట్రాకర్ చాలు. నిమిషం చొప్పున ఎక్స్‌పోజర్లు తీసి, కంప్యూటర్‌లో కలపాలి. మొదటి ఎక్స్‌పోజర్ తెర మీదకు రాగానే మధ్యలో ఎర్రటి మరక, దాన్ని చీలుస్తూ ‘వి’ ఆకారంలో నల్లటి ధూళి చారలు కనిపిస్తాయి. అందులో పసుపు రంగులో మెరిసే చుక్క ఈటా కెరీనే అనే నక్షత్రం. 1843లో అది లుబ్ధకం (సిరియస్) తరువాత ఆకాశంలో రెండవ ప్రకాశవంతమైన నక్షత్రంగా వెలిగింది, తరువాత మసకబారింది. పక్కనే గుండ్రంగా చిన్న వెలుగు ఉంటుంది, అది ఎన్‌జీసీ 3324 అనే నక్షత్రాల గుంపు, దాని చుట్టూ ఉన్న వాయు మేఘం. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి చిత్రాల్లో వచ్చిన ‘కాస్మిక్ క్లిఫ్స్’ దాని అంచే. మన లెన్సులో అది గోరంతే, కానీ జమ్మలమడుగు పక్కన నిలబడి దాన్ని పట్టామన్న సంతోషం ఇంత అని చెప్పలేను.

మొదటిసారి వెళ్ళేవారు గండికోటలో రెండు రాత్రులకు గది తీసుకోండి. మార్చిలో ఒక రాత్రి పొగమంచులా దుమ్ము కమ్మినా, ఇంకొకటి చేతిలో ఉంటుంది.