నాగావళి నుంచి వంశధారకి: సీతంపేట కొండల మీదుగా ఒక రోజు సైకిల్ ప్రయాణం

ఫిబ్రవరి రెండో ఆదివారం. తెల్లవారుజామున అయిదుంబావుకి పదకొండు సైకిళ్లతో శ్రీకాకుళం నుంచి బయల్దేరాం. విజయనగరం నుంచి ఏడుగురం, శ్రీకాకుళం వాళ్లు నలుగురు. అందరిలోకీ పెద్దవారు మా మేష్టారు, ఆయనకి అరవై రెండేళ్లు. చిన్నది మా చెల్లి. ఆమదాలవలస, పాలకొండ, సీతంపేట, కొత్తూరు, హిరమండలం మీదుగా తిరిగి శ్రీకాకుళం, మొత్తం సుమారు 140 కిలోమీటర్లు. ఈ దారి ఎంచింది మేష్టారే. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఒకటి కళ్లేపల్లి దగ్గర, మరొకటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ రెంటి మధ్యా ఉన్న కొండల్నే మేం దాటాలి. ఇటువైపు కారులో ఎన్నోసార్లు వెళ్లాను గానీ ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. సైకిల్ తొక్కితే కాళ్లకి తెలిసింది.

ముందు బస సంగతి చెప్పాలి, చాలామంది అడిగేది అదే. శనివారం రాత్రి శ్రీకాకుళంలో రెండు చోట్ల దిగాం. ఊరి మధ్యలో ఒక లాడ్జి, ఇద్దరికి 1,200 రూపాయలు. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి. కానీ సైకిళ్లు గదిలో పెట్టుకోవచ్చని ఫోన్లో ఒప్పుకున్నవాళ్లు, తీరా వెళ్లాక సెల్లార్లో పెట్టమన్నారు. అక్కడ గేటూ లేదు, కాపలా మనిషీ లేడు. ఆ టెన్షన్‌తో మాలో ఇద్దరు రాత్రి రెండుసార్లు లేచి కిందికి వెళ్లి చూసుకొచ్చారు. మిగతావాళ్లం ఊరి చివర ఒక కల్యాణ మండపం గదుల్లో ఉన్నాం. పరుపులు పల్చన, దోమలు ఎక్కువ. అయితే సైకిళ్లన్నీ హాల్లో వరసగా పెట్టించి, తాళం వేసి, తాళంచెవి మా చేతికే ఇచ్చారు. నాలుగింటికి వాచ్‌మన్ లేచి, ఎవరూ అడగకుండానే టీ పెట్టి ఇచ్చాడు. మళ్లీ వెళ్తే నేను ఆ మండపంలోనే దిగుతాను.

పాలకొండ దాకా దారి చదును. నాగావళి నీళ్లు పారే పొలాలు, వరి కోసేశాక వేసిన మినుములు, పెసలు, పొగమంచు. ఒకరి వెనక ఒకరం తొక్కాం. ముందువాళ్లు గాలిని చీల్చుకుంటూ వెళ్తుంటే వెనకవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే అయిదారు కిలోమీటర్లకోసారి ముందున్న మనిషి మారాలి. ముందువాళ్ల వెనక చక్రం పక్కకి మన ముందు చక్రం పోనివ్వకూడదు, తగిలితే పడేది వెనకవాళ్లే. గొయ్యి కనిపిస్తే "గొయ్యి!" అని అరవాలి, ఆ మాట వెనక్కి అందుకుంటూ పోవాలి. ఈ నియమాలు మాకు రెండేళ్లుగా అలవాటు.

ఎనిమిదింటికి పాలకొండ. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఇడ్లీ, ఉల్లి పెసరట్టు. పెసరట్టు పెనం మీంచి నేరుగా ఆకులోకి వచ్చింది. రోజంతా తిన్నవాటిలో నాకు గుర్తున్నది అదే. ఆడవాళ్లకి ఒక మాట. బాత్రూం అవసరం ఇక్కడే తీర్చుకుని బయల్దేరండి. ఆ తరవాత చాలాదూరం సరైన చోటు దొరకదు. దారిలో ఒక పెట్రోలు బంకులో అడిగితే, ఉన్నదానికి తాళం వేసి తాళంచెవి లేదన్నారు. మేం ముగ్గురం ఆడవాళ్లం, ఆ పూట చాలా ఇబ్బంది పడ్డాం.

పాలకొండ దాటాక కొండ మొదలైంది. ఎక్కేటప్పుడు ఒకరి వెనక ఒకరు తొక్కడం వల్ల పెద్ద లాభమేమీ ఉండదు. వేగం గంటకి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకి పడిపోతే చీల్చడానికి గాలే పెద్దగా ఉండదు, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి. పది నిమిషాల్లో మా గుంపు కిలోమీటరు పొడవున చెదిరిపోయింది. నేను మూడోసారి గేరు మార్చబోతే, మార్చడానికి చిన్న గేరు మిగల్లేదు. ఊపిరి లెక్కపెట్టుకుంటూ తొక్కాను. రెండు తొక్కుళ్లకి పీల్చడం, రెండు తొక్కుళ్లకి వదలడం. మలుపులో కొండచీపుర్లు కట్టలు కట్టి రోడ్డు పక్కన ఆరబెట్టి ఉన్నాయి. సవర తెగకి చెందిన ఒక ముసలమ్మ కట్టల పక్కనే కూర్చుని నన్ను చూసి, "ఏటమ్మా, ఎక్కలేకపోతే నడిచి ఎల్లొచ్చు కదా" అంది. ఆపి, నీళ్లు తాగి, ఒక చీపురు కొన్నాను. ఇంకో మనిషితో ఆవిడ సవరలో మాట్లాడుతుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలోదే. ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకి బడి పెట్టి, వాళ్ల మాటలోనే పాఠాలు రాసిన మనిషి. ఈ కొండ నీడల్లో ఆ మాట చెవిన పడితే ఆయన చేసిన పని ఎంతటిదో తెలుస్తుంది.

మాతో పాటు తెచ్చుకున్న ట్రాలీ ఆటో గురించి మాలో మాలో గొడవైంది, అది చెప్పి తీరాలి. సామాను, నీళ్ల క్యాన్లు, స్పేర్ ట్యూబులు అందులో ఉన్నాయి. కొందరు దాన్ని ముందు పంపి, సీతంపేటలో టిఫిను సిద్ధం చేయించాలన్నారు. మేష్టారు ఒప్పుకోలేదు. "ఆఖరి మనిషి వెనక బండి ఉండాలి. ముందువాళ్లకి ఆకలేస్తే ఆగి ఎదురుచూస్తారు, వెనకవాళ్లకి కాలు పట్టేస్తే ఎవరు చూస్తారు?" అన్నారు. కొండల్లో కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా లేదు. ఆ మాట ఎంత నిజమో గంటలోనే చూశాం. మా చెల్లికి పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూలబడింది. ట్రాలీ నడిపే బాబాయి దిగి, తన తువ్వాలు తడిపి చుట్టి, ఉప్పు వేసిన నిమ్మరసం తాగించి, పావుగంట దగ్గరే కూర్చున్నాడు.

సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్లో మారింది. ఇక్కడ భోజనం మామూలుగా ఉంది, కడుపు నిండింది. ఆడలి వ్యూ పాయింట్ చూడమని చాలామంది చెప్పారు గానీ మేం ఎక్కలేదు. దానికోసం ఇంకో రోజు పెట్టుకోండి, సాయంత్రానికి శ్రీకాకుళం చేరాలనుకుంటే వదిలేయడమే మంచిది. మెట్టుగూడ జలపాతం మాత్రం చూశాం. ఫిబ్రవరి కాబట్టి నీళ్లు పల్చగా పడుతున్నాయి, కాళ్లు తడుపుకోవడానికి చాలు.

దిగేముందు మేష్టారు అందరి బ్రేకులూ పట్టి చూశారు. మా చెల్లి తొక్కుతున్నది విశాఖలో అద్దెకి తీసుకున్న సైకిలు. వెనక బ్రేకు రబ్బరు అరిగిపోయి ఇనుము రిమ్ముకి తగులుతోంది. అద్దె కొట్టులో తీసుకునేటప్పుడే బ్రేకులు అడిగాం, కొత్తవి వేశామన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెల్లికి ఏడుపొచ్చేసింది. సైకిల్ ట్రాలీలో వేసి, చెల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. మేం దిగాం. బ్రేకు ఏకధాటిగా పట్టుకోకూడదు, రిమ్ము వేడెక్కిపోతుంది. పట్టి వదిలి, పట్టి వదిలి, నడుము వెనక్కి పెట్టి దిగాలి. పది నిమిషాలు చెవుల్లో గాలి తప్ప ఏమీ వినిపించలేదు. ఎక్కిన కష్టమంతా ఆ పది నిమిషాల్లో తీరిపోయింది, చెల్లి వెనక ట్రాలీలో ఉందన్న బాధ తప్ప.

కొత్తూరులో ఒక సైకిల్ షాపు. ఒక పెద్దాయన, ఒక బేసిన్లో నీళ్లు, గోడకి వేలాడే ట్యూబులు. ఆయన చెల్లి సైకిల్ని తిరగేసి నిలబెట్టి, అరిగిన రబ్బర్లు తీసేసి, ఊళ్లో పిల్లల గేరు సైకిళ్లకి వేసే రబ్బర్ల జత తీశాడు. రబ్బరు రిమ్ముకి సమంగా తగిలేలా ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి, కేబుల్ లాగి, నట్టు బిగించి, చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రెండు వైపులకీ కలిపి 120 రూపాయలు. మాలో ఒకరికి తుమ్మముల్లు దిగితే ట్యూబుని బేసిన్లో ముంచి బుడగ చూసి ప్యాచ్ వేశాడు. కానీ మా సన్న వాల్వుకి ఆయన పంపు పట్టలేదు. వేలెడంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఏ ఊరి పంపుతోనైనా గాలి కొట్టుకోవచ్చు. మాకున్నది ఒకే ఒక్కటి, అదే ఆ రోజు ఆదుకుంది.

హిరమండలం వైపు తిరగ్గానే వంశధార, గొట్టా బ్యారేజీ. టీ కొట్టాయన ఏనుగుల సంగతి చెప్పాడు. 2007లో ఒడిశా లఖేరి అడవుల నుంచి ఏనుగులు ఈ పక్కకి వచ్చినప్పటి నుంచి పంటలకీ మనుషులకీ నష్టం జరుగుతూనే ఉంది. "చీకటి పడకముందే ఎల్లిపోండి బావూ" అన్నాడు. ఈ ప్రాంతంలో తెల్లవారకముందు, చీకటి పడ్డాక సైకిల్ తొక్కకండి. ఊళ్లోవాళ్లని అడిగి కదలండి.

అక్కడి నుంచి శ్రీకాకుళం దారి చాలాచోట్ల గతుకులు, కంకర, దుమ్ము. పొద్దున్న సరదాగా తొక్కినవాళ్లం ఇక్కడ మాట్లాడటం మానేశాం. మీకు కొండలే కావాలంటే కొత్తూరులో ఆపేసి సైకిళ్లు ట్రాలీలో వేసుకోండి, పోగొట్టుకునేదేమీ లేదు. చెల్లి మాత్రం కొత్త బ్రేకులతో ఎక్కి, ఇక దిగనంది. అందరికన్నా వెనక, అందరికన్నా నెమ్మదిగా తొక్కింది. ఆరున్నరకి మేం మండపం ముందు నిలబడి చూస్తుంటే, మలుపులో ముందు ట్రాలీ లైట్లు కనిపించాయి. వాటి వెలుగులో, బండికి పదడుగుల ముందు, మా చెల్లి.

ట్రాలీకి రోజంతటికీ 3,500 మాట్లాడుకున్నాం. మేష్టారు 4,000 ఇచ్చారు.