వైట్ దీవి చుట్టూ పందెం: అద్దె రేసు పడవ, దానితో వచ్చే స్కిప్పర్

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న వైట్ దీవిని ఒక్క రోజులో చుట్టివచ్చే తెరచాప పడవల పందెం, రౌండ్ ది ఐలాండ్ రేస్, ఏటా వేసవిలో ఒక శనివారం నాడు జరుగుతుంది. సొంత పడవ లేనివారు, సముద్రం మీద ఎన్నడూ చుక్కాని పట్టనివారు కూడా ఇందులో పాల్గొనడానికి వీలుగా హాంబుల్, సౌతాంప్టన్, గాస్‌పోర్ట్ రేవుల్లోని అద్దె సంస్థలు పడవను, దాన్ని నడిపించే సారథి అయిన స్కిప్పర్‌ను, ముందురోజు శిక్షణను, పందెపు ప్రవేశ రుసుమును కలిపి ఒకే ధరకు ఇస్తాయి. రెడింగ్, స్లౌ పట్టణాల్లో ఉంటున్న మా రెండు కుటుంబాలవారము, మరికొందరు మిత్రులము కలిసి ఒక పడవను పూర్తిగా మాట్లాడుకుని ఈ పందెంలో పాల్గొన్నాము. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఎదురైనందున సంస్థ పేరు రాయడం లేదు. ఈ తరహా సంస్థలు అందించే సేవ ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది కనుక, డబ్బు కట్టేముందు ఏమేం చూసుకోవాలో తెలిస్తే చాలునని నా ఉద్దేశం. నా తీర్పు ముందే చెబుతాను: ఈ సేవలో మనం కొనుక్కునేది పడవను కాదు, స్కిప్పర్‌ను. పడవ ఓ మోస్తరుగా ఉన్నా స్కిప్పర్ మంచివారైతే డబ్బుకు తగిన విలువ దక్కుతుంది.

ఔత్సాహికులు ఇంతమంది ఈ పందేనికి ఎందుకు వస్తారో తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. ఆ రోజుల్లో పేరున్న పందేలన్నీ పెద్ద పడవలవే కావడంతో, చిన్న పడవల యజమానులకూ ఒక పందెం ఉండాలని మేజర్ సిరిల్ విండెలర్ తలపెట్టగా 1931లో ఇది మొదలైంది. ఆ ఏడు బరిలో దిగినవి 25 పడవలే. గెలిచినది పీటర్ బ్రెట్ నడిపిన 22 అడుగుల పాత చేపల పడవ. ఇప్పుడు వెయ్యికి పైగా పడవలు దిగిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. గీతను ముందుగా దాటిన పడవే విజేత కానక్కరలేదన్నది ఇందులోని అసలు సొగసు. ఐఆర్‌సీ పద్ధతిలో ప్రతి పడవకూ ఒక రేటింగ్ సంఖ్య ఉంటుంది, పట్టిన సమయాన్ని ఆ సంఖ్యతో గుణించి సరిచూస్తారు. రేటింగ్ 0.9 ఉన్న చిన్న పడవ ఎనిమిది గంటల్లో వస్తే లెక్కలో దానికి పడేది 7 గంటల 12 నిమిషాలే. అందుకే ఎనిమిది మీటర్లు కూడా లేని కాంటెస్సా 26 పడవతో జెరెమీ రోజర్స్ ఈ పందెపు ప్రధాన బహుమతి అయిన గోల్డ్ రోమన్ బౌల్‌ను ఒకటికి మూడుసార్లు గెలుచుకోగలిగారు. మూడు గంటల లోపే దీవిని చుట్టివచ్చే మూడు దోనెల భారీ పడవలూ, పిల్లాపాపలతో బయలుదేరిన కుటుంబాల పడవలూ ఒకే నీటిమీద పోటీపడటం మరే క్రీడలోనైనా అంత సులభంగా కనిపించదు.

మాకు ఇచ్చినది బెనెటో ఫస్ట్ 40.7. బ్రూస్ ఫార్ సంస్థ రూపకల్పన చేయగా 1990ల చివర మార్కెట్లోకి వచ్చిన ఈ పడవ దాదాపు 12 మీటర్ల పొడవు, ఏడు టన్నుల బరువు ఉంటుంది. అద్దె రేసులకు ఇది విరివిగా కనిపించడానికి కారణం ఉంది. పది మందికి పది పనులు దొరుకుతాయి, గాలి పెరిగినా బెదరకుండా నిలుస్తుంది, కొత్తవారు తాళ్లు అటూ ఇటూ లాగినా క్షమిస్తుంది. లోపల పడకలు, చిన్న వంటగది, మరుగుదొడ్డి ఉన్నాయి కానీ పది మంది తమ సంచులతో దిగాక కాలు పెట్టే చోటు ఉండదు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది శుక్రవారం నాటి శిక్షణ. మా స్కిప్పర్ నలభై ఏళ్లు దాటిన ఒక మహిళ. ఎవరు దేనికి పనికివస్తారో అడిగి తెలుసుకోకుండా, ఉదయమంతా అందరిచేతా అన్ని పనులూ చేయించి, మధ్యాహ్నానికి తానే నిర్ణయించారు. తెరచాపల తాళ్లను బిగించే డ్రమ్ములాంటి పరికరమైన వించ్ మీద తాడు చుట్టడంతో మొదలుపెట్టారు. గడియారపు ముల్లు తిరిగే దిశలో మూడు చుట్లు వేయాలి, లాగేటప్పుడు బొటనవేలు వించ్ వైపు కాక మన వైపు ఉండాలి, చిటికెన వేలి అంచు డ్రమ్ము వైపు ఉండాలి. గాలికి బిగుసుకున్న తాడు జారితే డ్రమ్ముకూ తాడుకూ మధ్య నలిగేది మొదట బొటనవేలేనని చెప్పి, ప్రతి ఒక్కరి పిడికిలినీ స్వయంగా పట్టుకుని తిప్పి సరిచేశారు. ఉద్యోగ విరమణ చేసి రెడింగ్‌లో కొడుకు దగ్గర ఉంటున్న మా మామయ్యగారిని ఊరికే కూర్చోబెడతారేమోనని మాకు సందేహం ఉండేది. ఆమె ఆయనకు ప్రధాన తెరచాప మెయిన్‌సెయిల్‌ను పట్టివుంచే తాడును వదలడం, బిగించడం అప్పగించారు. బలంకన్నా నిలకడ కావలసిన పని అది, ఆయన రెండు రోజులూ ఆ చోటు విడవలేదు. పదిహేనేళ్ల మా మేనకోడలికి స్తంభం దగ్గర ముందు తెరచాప జిబ్‌ను పైకెత్తే పని దొరికింది. గొంతు పెద్దదైన మా బావగారికి మాత్రం, ఎదురుగా వచ్చే పడవలను చూసి చెప్పే బాధ్యత వచ్చింది. ఈ విషయంలో ఆమె అంచనాను మా అక్కయ్య కూడా తప్పుపట్టలేదు.

పందెం నాడు బయలుదేరే వేళ ఆటుపోట్లను బట్టి ఏటా మారుతుంది. మాకు తెల్లవారుజామున పడింది. కౌస్ పట్టణంలో రాయల్ యాట్ స్క్వాడ్రన్ ముందు ఊహారేఖ దాటి, పది నిమిషాలకొక జట్టు చొప్పున పడవలను వదులుతారు. నీరు పడమరకు తీసే ఆటు సమయంలో బయలుదేరదీస్తే ప్రవాహమే దీవి పడమటి కొన దాకా మోసుకుపోతుంది. తీరా తూర్పు కొన తిరిగి వచ్చేసరికి నీరు మన దిక్కుకు తిరిగి ఉంటే అదృష్టం, లేకపోతే ఎదురీత. ఎనిమిదవ హెన్రీ కట్టించిన హర్స్ట్ కోట దగ్గర జలసంధి ఇరుకైనందున ప్రవాహం నాలుగు నాట్లకు (గంటకు సుమారు ఏడు కిలోమీటర్లకు) మించి పరుగెడుతుంది. నైరుతి గాలి దానికి ఎదురుపడి పొట్టి, నిటారు అలలు లేస్తాయి. వందలాది పడవలు ఆ ఇరుకులో అటూ ఇటూ మళ్లుతూ పోవడం కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మధ్య నుంచి దారి చేసుకోవడం లాంటిది. కుడివైపు నుంచి గాలి అందుకుంటున్న పడవకు దారి హక్కు ఉంటుంది కనుక నాలుగు దిక్కులనుంచీ స్టార్‌బోర్డ్ అన్న కేకలు వినిపిస్తూనే ఉంటాయి. మా బావగారి కేకకు ఒక పెద్ద పడవ చివరి క్షణంలో మళ్లినప్పుడు స్కిప్పర్ మెచ్చుకోలేదు. "హక్కు మనదే కావచ్చు, పడవ మాత్రం అద్దెది," అని మాత్రం అన్నారు.

స్కిప్పర్ విలువ నీడిల్స్ దగ్గర తెలిసింది. దీవి పడమటి కొనన సుద్దరాళ్ల స్తంభాలు మూడు సముద్రంలోకి వరుసగా నిలబడి ఉంటాయి, చివరిదాని మొదట్లో దీపస్తంభం ఉంటుంది. 1947లో అక్కడ మునిగిన వర్వాసీ అనే గ్రీకు ఓడ శిథిలాలు దీపస్తంభానికి ఆవల నీటి అడుగున ఇప్పటికీ ఉన్నాయి. దారి తగ్గించుకోవాలని దీపస్తంభానికీ శిథిలాలకూ మధ్య సందులోంచి దూరే పడవలు ఎప్పుడూ ఉంటాయి, వాటిలో కొన్ని అడుగుభాగం తగిలించుకోవడమూ జరుగుతూనే ఉంటుంది. మా ముందున్న పడవలు ఆ సందులోకి తిరుగుతుంటే మా వాళ్లలో ఉత్సాహం పెరిగింది. ఆమె ఎవరితోనూ వాదించకుండా చుక్కానిని బయటి దారికి తిప్పి, ఆ తరువాత కారణం చెప్పారు: లోపలి దారిలో ఆదా అయ్యేది రెండు నిమిషాలు, పోయే అవకాశం ఉన్నది పడవ అడుగున ఉండే బరువైన రెక్క, కీల్. గెలవాలన్న తపన లేని స్కిప్పర్ అని దీనిని బట్టి అనుకోకూడదు. ఆ వెంటనే వెనుకగాలికి ఉబ్బే పెద్ద తెరచాప స్పినాకర్‌ను ఎత్తించి, మమ్మల్ని దాటిపోయిన పడవలన్నిటినీ దక్షిణ తీరం పొడవునా అందుకునేదాకా ఆమె ఎవరినీ కూర్చోనివ్వలేదు.

దక్షిణ తీరం చూడటానికి అందంగా ఉంటుంది, కడుపుకు కాదు. సెయింట్ కేథరిన్స్ పాయింట్ దగ్గర ప్రవాహాలు కలిసి నీరు తిరగబడుతుంది, వెనుకనుంచి వచ్చే అలకు పడవ పక్కలకు ఒరుగుతుంది. సముద్రపు వికారం రాకుండా సిన్నరిజిన్ మాత్ర ముందురోజు రాత్రే వేసుకొమ్మని శిక్షణలో చెప్పిన మాట పాటించినవారు నిలబడ్డారు, పాటించనివారు బకెట్టు పట్టుకున్నారు. సంస్థ ఇచ్చిన చల్లటి శాండ్‌విచ్‌లను ఎవరూ ముట్టలేదు. మేము డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోరను మాత్రం అల్లంముక్కలతో కలిపి స్కిప్పర్‌తో సహా అందరూ తిన్నారు. నిమ్మకాయ పులిహోరకన్నా చింతపండుదే మేలు, తడి గాలిలో అది రెండో రోజుకు కూడా పాడవలేదు.

తూర్పు కొనన నీటిపై తేలే గుర్తు, బెంబ్రిడ్జ్ లెడ్జ్ బోయ్ చుట్టి, దీవికీ ఇంగ్లండ్ తీరానికీ మధ్యనున్న సోలెంట్ జలసంధిలోకి తిరిగి వచ్చాక గాలి చచ్చిపోవడం, రైడ్ ఇసుకమేట దగ్గర ఎదురు ప్రవాహాన్ని తప్పించుకోవాలని ఒడ్డుకు చేరువగా వెళ్లిన పడవలు ఇసుకలో దిగబడిపోవడం ఈ పందెంలో మామూలే. మేము లోతు చూపే పరికరంపై కన్నేసి ఉంచి, అంకె చెప్పడానికే ఒక మనిషిని కేటాయించి, ఆ గంట గడిపాము. తుది జాబితాలో మా స్థానం సగానికి కాస్త పైన వచ్చింది.

ఇక సంస్థ లోపాలు. ప్రకటనలో చూపిన ఫొటోల్లో నల్లటి కొత్త తెరచాపలుంటే, పడవ మీద ఉన్నవి సాగిపోయిన పాతవి. జిబ్ వెనుక అంచు గాలికి రెపరెపలాడుతూనే ఉండటంతో ఎదురుగాలిలో మా పడవ తన తోటి 40.7ల కన్నా వెనుకబడింది. వర్షపు దుస్తులకు వేరే అద్దె ఉంటుందన్న సంగతి రేవులో దిగాకగానీ చెప్పలేదు. వీటన్నిటికన్నా క్షమించరానిది లైఫ్ జాకెట్ల విషయం: పదిహేనేళ్ల పిల్ల వస్తోందని ముందే రాసినా పెద్దవారి కొలతవే పెట్టారు, వాటిలో ఒకదానికి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ కూడా లేదు. ఆ పట్టీ లేకపోతే నీటిలో పడినప్పుడు జాకెట్ ముఖం మీదికి ఎగదన్నుతుంది. సరైనది దొరికేదాకా పడవ కదలదని స్కిప్పర్ తేల్చి చెప్పి, పక్క పడవవారిని అడిగి తెప్పించారు. సంస్థ తరువాత క్షమాపణ రాసింది, వర్షపు దుస్తుల అద్దె తిరిగి ఇచ్చింది, తెరచాపల మాట మాత్రం ఎత్తలేదు.

మాకు తలకు మూడు వందల పౌండ్లకు పైగా పడింది. ఒక్కో సీటు చొప్పున కొనుక్కునే ఏర్పాటు ఉన్నా, కుటుంబంతో వెళ్లేవారికి నేను దానిని సిఫారసు చేయను. అపరిచితుల మధ్య పిల్లలకూ పెద్దవారికీ పనులు దక్కవు, వరుసగా కూర్చుని బరువుగా మాత్రమే పనికివస్తారు. పడవను పూర్తిగా తీసుకోండి. డబ్బు కట్టేముందు, ఆ పడవకు వాణిజ్య అద్దెకు కావలసిన ధ్రువీకరణ ఉందా, స్కిప్పర్‌కు యాట్‌మాస్టర్ అర్హతతోపాటు వాణిజ్య అనుమతి ఉందా, బీమా మామూలు ప్రయాణానికేనా లేక పందెంలో జరిగే ఢీకొనడాలకు కూడా వర్తిస్తుందా, నష్టపు డిపాజిట్ ఎవరు భరించాలి, గాలి మరీ ఎక్కువై పందెం రద్దయితే డబ్బు సంగతేమిటి అన్నవి రాతపూర్వకంగా అడగండి. రద్దు నిబంధనను చాలామంది చదవరు, ఇంగ్లండ్ వేసవిని నమ్మడం వల్ల కాబోలు.

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద లేజర్, ఆప్టిమిస్ట్ పడవలు నడిపి వచ్చిన తెలుగువారు ఇంగ్లండ్‌లో ఇప్పుడు కొందరు ఉన్నారు. వారికి గాలి చదవడం తెలుసు గనుక ఇటువంటి పడవ మీద మొదటి గంటలోనే ఉపయోగపడతారు, అయితే ఆటుపోట్ల లెక్క మాత్రం చెరువులో రాదు. వారుగానీ, మాలాగా ఏమీ తెలియకుండా వచ్చేవారుగానీ, చలికాలంలోనే బుక్ చేసుకోవాలి, ఎందుకంటే మంచి స్కిప్పర్లు ముందు నిండిపోతారు. వచ్చే పందేనికి మేము అదే స్కిప్పర్‌ను పేరుపెట్టి అడిగాము. ఆమె వేరే సంస్థకు మారితే అక్కడికే వెళ్తాము.