మాట నమ్మాలా, చట్టం అడగాలా? కింగ్స్‌మిల్ ఫైళ్ల సంగతి

1976 జనవరి 5. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోని సౌత్ ఆర్మాలో పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న బట్టల మిల్లు కార్మికుల మినీబస్సును కింగ్స్‌మిల్ దగ్గర ఆపారు. వాళ్లలో ఒక్క కాథలిక్‌ను పక్కకు పంపేసి, ప్రొటెస్టెంట్లైన మిగతా 11 మందిని వరుసగా నిలబెట్టి కాల్చారు. 10 మంది చనిపోయారు. 18 తూటాలు తగిలిన ఒకాయన మాత్రం బతికాడు.

హంతకులు వాడిన వ్యాన్ సరిహద్దు అవతల, అంటే ఐర్లండ్ రిపబ్లిక్‌లో దొరికింది. చిక్కంతా అక్కడే. అవతల దర్యాప్తు చేసింది గార్డా, అంటే ఐరిష్ పోలీసులు, ఫైళ్లూ వాళ్ల దగ్గరే. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని కరోనర్, అంటే ఇలాంటి మరణాలపై విచారణ జరిపే అధికారి, తన వైపు ఎవరికైనా సమన్లు పంపగలడు కానీ సరిహద్దు గీత దాటితే ఆయన అడుక్కోవాల్సిందే.

మరి ఆ ఫైళ్లు, సాక్ష్యాలు ఇవతలికి రావాలంటే ఏ దారి మేలు?

మొదటిది, మాట. 2015లో ఐరిష్ ప్రధాని ఎండా కెన్నీ బాధిత కుటుంబాలను కలిసి సహకరిస్తామన్నారు. చట్టం చేసే పని లేదు, ఓటింగ్ లేదు, కాబట్టి త్వరగా అయిపోవాలి కదా? అవ్వలేదు. మాటకు గడువు తేదీ ఉండదు, ఆలస్యమైతే కోర్టుకెళ్లి అడిగే వీలూ ఉండదు, కాగితాలు రాకపోతే కుటుంబాలు ఇంకో మీటింగ్ కోసం ఎదురుచూడాలి, అంతే. (ఇక్కడ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు "చూస్తాం" అనే మాట బరువు నేను చెప్పక్కర్లేదు.)

రెండోది, చట్టం. ఉత్తర ఐర్లండ్ కరోనర్ విచారణకు గార్డాలు సాక్ష్యం చెప్పే వీలు కల్పిస్తూ ఐర్లండ్ 2019లో చట్టం చేసింది. హత్యలు జరిగి 43 ఏళ్లు, విచారణ మొదలై మూడేళ్లు గడిచాక! అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే ప్రధాని మారినా చట్టం పుస్తకంలోనే ఉంటుంది. లోటు లేదని కాదు, ముసలి అధికారి జ్ఞాపకం మీద ఎంతని నమ్ముతాం, అసలు కాగితం చేతిలో ఉంటేనే ఎదురు ప్రశ్న వేయగలం.

మూడోది, అన్ని పాత కేసులకూ ఒకే కమిషన్. బ్రిటన్ 2024 మే 1 నుంచి ఇదే పెట్టి, అప్పటికి పూర్తికాని పాత ఇన్‌క్వెస్టులను, అంటే కరోనర్ విచారణలను, ఆపేసింది. కింగ్స్‌మిల్ తీర్పు ఆ ఏప్రిల్‌లోనే వచ్చి గట్టెక్కింది. ఇది ఐఆర్ఏ (ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ) మతద్వేషంతో చేసిన దాడి అని కరోనర్ తేల్చారు. కానీ కమిషన్ అధికారాలూ గీత దగ్గరే ఆగుతాయి, అందుకే నాకు ఇది కొత్త బోర్డు తగిలించిన పాత గుమ్మంలా కనిపిస్తుంది.

తప్పంతా డబ్లిన్‌దే, అంటే ఐరిష్ ప్రభుత్వానిదే అనుకోకండి. 1974 డబ్లిన్, మొనహన్ బాంబు పేలుళ్ల మీద 2003లో వచ్చిన ఐరిష్ జడ్జి బారన్ నివేదిక బ్రిటన్ నుంచి అసలు పత్రాలు అందలేదనే చెప్పింది. ఆ పత్రాలు చూపించమని ఐరిష్ పార్లమెంటు 2008లో ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, 2011లో మళ్లీ చేసింది, 2016లో మూడోసారీ చేయాల్సి వచ్చింది.