పెనాల్టీ కోసమే ఇంకా తిరుగుతున్న డిస్క్: 2010 ఫిఫా వరల్డ్ కప్ గేమ్

పది స్టేడియాలు, 199 జట్లు, కామెంటరీలో క్లైవ్ టిల్డెస్లీ, ఆండీ టౌన్‌సెండ్. ఇవన్నీ ఆడినవాళ్లకి తెలిసినవే, వదిలేద్దాం. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఈ డిస్క్ ఇప్పటికీ పీఎస్‌3 (సోనీ ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్)లోకి వెళ్తోందంటే కారణం ఒక్కటే, పెనాల్టీ షూటౌట్.

అంతకుముందు వచ్చిన ఫిఫా గేముల్లో పెనాల్టీ అంటే ఓ మూల చూసి బటన్ నొక్కడం, గోలీ అటు దూకకపోతే గోల్. ఇందులో అలా కుదరదు. తెర కింద ఒక మీటర్ వస్తుంది. దాని మీద ఒక గుర్తు ఆ చివర నుంచి ఈ చివరకి ఊగుతుంటుంది. మధ్యలో ఆకుపచ్చ, అంచుల్లో ఎరుపు. గుర్తు ఆకుపచ్చలో ఉన్న క్షణంలోనే షూట్ బటన్ పడాలి. కిక్‌లో ఎంత బలం అన్నది బటన్ మీద వేలు ఎంతసేపు ఉంచామన్నదాన్ని బట్టి. దిశ ప్యాడ్ మీదున్న ఎడమ స్టిక్‌తో. బంతి ఎటు పోతుందో చూపించే బాణం గుర్తు ఉండదు, కాబట్టి స్టిక్‌ని ఎంత వంచామో, ఎంతసేపు పట్టుకున్నామో బొటనవేలికే తెలియాలి. పూర్తిగా వంచి చివరిదాకా పట్టుకుంటే బంతి పోస్టు బయటికి పోతుంది. పవర్ సగం దాటి కొంచెం పైకి వెళ్తే చాలు, క్రాస్‌బార్ మీదుగా గ్యాలరీలోకి.

అసలు కిటుకు ఆ గుర్తు వేగంలో ఉంది. లీగ్ దశలో 2–0తో ముందుండగా వచ్చిన పెనాల్టీకి అది తీరిగ్గా ఊగుతుంది. నాకౌట్ షూటౌట్‌లో అయిదో కిక్, వేయకపోతే ఇంటికే అన్నప్పుడు అదే గుర్తు పరుగులు తీస్తుంది. కొట్టేవాడు నిబ్బరం తక్కువ ఉన్న డిఫెండర్ అయితే ఇంకా ఘోరం. అందుకే షూటౌట్ వరసలో మొదటి ఇద్దరినీ స్ట్రైకర్లనే పెట్టేసి ఊరుకోవడం తప్పు. ఒక నమ్మకస్తుణ్ణి నాలుగు, అయిదు కిక్కులకి దాచుకోవాలి. మీటర్ భయపెట్టేది అక్కడే.

గేమ్ వచ్చిన రెండు నెలలకి పైగా గడిచాక, జూలై 2న జోహానెస్‌బర్గ్ సాకర్ సిటీలో ఘనా, ఉరుగ్వే క్వార్టర్ ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ చివరి క్షణాల్లో ఉరుగ్వే ఆటగాడు స్వారెజ్ గోల్‌లైన్ మీద చేత్తో బంతి ఆపాడు, రెడ్ కార్డ్, పెనాల్టీ. ఘనా ఆటగాడు అసమోవా జ్యాన్ కొట్టింది క్రాస్‌బార్‌కి తగిలి పైకి లేచిపోయింది. కాసేపటికే షూటౌట్‌లో ఘనా తరఫున మొదటి కిక్ తీసుకుని అతనే గోల్ కొట్టాడు. ఉరుగ్వే 4–2తో గెలిచింది. గేములో ఆ మీటర్‌తో కుస్తీ పట్టినవాళ్లకి ఆ రెండు కిక్కుల మధ్య తేడా కొత్తగా ఏమీ అనిపించలేదు. కాళ్లు అవే, మీటర్ వేరు.

ఇంత పొగిడాక ఇక అసలు గొడవ. ఈ పెనాల్టీలని పాడుచేసేది గేము కాదు, టీవీ. చాలా ఎల్‌ఈడీ టీవీలు బొమ్మని నున్నగా చేసి చూపించడానికి ప్రతి ఫ్రేమునీ కాసేపు పట్టి ఉంచుకుంటాయి. గేము సెకనుకి 60 ఫ్రేముల్లో నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల పాత బొమ్మ. మామూలు ఆటలో అది పెద్దగా తెలియదు, పాస్ కొంచెం లేటైనట్టు ఉంటుందంతే. పెనాల్టీ దగ్గర మాత్రం గుర్తు ఆకుపచ్చలో కనిపిస్తుంది, బటన్ నొక్కుతారు, అది ఎరుపులో ఆగుతుంది. పాత డబ్బా టీవీ మీద చెయ్యి తిరిగినవాళ్లు కొత్త టీవీ కొన్నాక వరసగా ఓడేది అందుకే.

ముందు టీవీ పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకి విడిగా ఉంటుంది, సెట్‌టాప్ బాక్స్ పోర్టులో పెట్టింది పీఎస్‌3 పోర్టుకి వర్తించదు. గేమ్ మోడ్ లేకపోతే మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. కొన్ని టీవీల్లో ఆ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చినా పని జరుగుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా గుర్తు జారుతుంటే, ఆకుపచ్చలోకి రాకముందే నొక్కడం అలవాటు చేసుకోవడమే.

రెండో అనుమానితుడు ప్యాడ్. పీఎస్‌3తో వచ్చే ప్యాడ్ డ్యూయల్‌షాక్ 3. ఇన్నేళ్ల తర్వాత దానిలో ఎడమ స్టిక్ అరిగిపోయి, వదిలేసినా ఓ పక్కకి లాగుతుంటుంది. మ్యాచ్‌లో చెయ్యి తీసేసి చూడండి, ఆటగాడు వాడంతట వాడే మెల్లగా నడుస్తుంటే స్టిక్ పోయినట్టే. ఆ ప్యాడ్‌తో ఎడమ మూలకి గురిపెడితే బంతి కార్నర్ జెండా వైపు పోతుంది. ఫ్రెండ్‌కి ఆ ప్యాడ్ ఇచ్చి గెలిచేవాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే విషయం.

మొదట్లో ఈ మీటర్ని ఆకాశానికెత్తినవాళ్లం ఒక మాట వెనక్కి తీసుకోక తప్పదు. గేమే ప్రత్యర్థిగా కొన్నాళ్లు ఒంటరిగా ఆడితే వేలికి లయ పట్టుబడుతుంది, ఆకుపచ్చ తప్పడం అరుదైపోతుంది. పక్కన మనిషి కూర్చుని "వేస్తావా, వెయ్యవా" అని గొణుగుతుంటేనే ఆ మీటర్‌కి ప్రాణం. ఆన్‌లైన్ సర్వర్లు ఎప్పుడో మూసేశారు కాబట్టి ఆ పక్క మనిషి నిజంగా పక్కనే ఉండాలి.

ఎత్తైన ఊళ్ల ప్రభావం గురించి అప్పట్లో తెగ చెప్పారు. ఎత్తులో బంతి త్వరగా దూసుకుపోతుంది, ఆటగాళ్లు త్వరగా అలిసిపోతారు అని. ఉంది, కానీ నాలుగు నిమిషాల హాఫ్‌లో కనబడదు. హాఫ్ పది నిమిషాలు పెట్టి ఎత్తులో ఉన్న జోహానెస్‌బర్గ్‌లో ఒకటి, సముద్రం ఒడ్డున ఉన్న డర్బన్‌లో ఒకటి ఆడితే చివరి పావుగంటలో అంచుల వెంబడి పరిగెత్తే డిఫెండర్ల (వింగ్ బ్యాక్‌ల) పరుగు చూసి తేడా పట్టుకోవచ్చు.

మన జట్టూ ఉంది. నిజంగా అయితే 2007 అక్టోబరులో లెబనాన్ చేతిలో 4–1 ఓటమి, గోవాలో 2–2 డ్రా, అక్కడితో క్వాలిఫైయింగ్ కథ ముగిసింది. గేములో అక్కణ్ణుంచి దక్షిణాఫ్రికా దాకా లాక్కెళ్లొచ్చు. రేటింగులు తక్కువ కాబట్టి గోల్ పడనివ్వకుండా షూటౌట్ దాకా ఈడ్చడమే ఒక్క దారి, అక్కడ తేల్చేది మీటరే.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే పీఎస్‌3 డిస్క్ తీసుకోవడం తేలిక, ఏ దేశం డిస్క్ అయినా నడుస్తుంది. ఎక్స్‌బాక్స్ 360ది అయితే రీజియన్ సరిపోతుందో లేదో అడిగి తీసుకోండి. పీసీకి ఈ గేమ్ రాలేదు. ఒంటరిగా ఆడేవాళ్లయితే నేను గట్టిగా చెప్పలేను. ఇంట్లో రెండు మంచి ప్యాడ్లు, ఓటమి ఒప్పుకోని తమ్ముడో బావమరిదో ఉంటే మాత్రం వెతికి తెచ్చుకోండి. ఎప్పుడూ గేములు ముట్టని మామయ్య వచ్చి కూర్చున్నా రెండు బటన్ల కంట్రోల్ సెట్టింగు ఉంది, మ్యాచ్‌ని 0–0తో పెనాల్టీల దాకా తీసుకురావడానికి ఆయనకి అది చాలు.