కోరంగి మడ అడవి: పోటు వేళ చూసుకుని బయల్దేరండి

కాకినాడ నుంచి యానాం వెళ్లే 216 హైవే మీద, ఊరు దాటి 18 కిలోమీటర్లు పోతే కోరంగి (కోరింగ) అభయారణ్యం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. మనం చూసేది అందులో గోరంత: మడచెట్ల మధ్య వేసిన చెక్కల బాట, కాలువలో పడవ షికారు. ఈ గోరంత కోసమే ఏళ్ల తరబడి వచ్చిన చుట్టాలనల్లా తీసుకెళ్తున్నాం. ఇంటిల్లిపాదికీ బాగుంటుంది, పోటు వేళ కుదిరితే. కుదరలేదంటే పిల్లలు "ఇక్కడేముంది?" అంటారు, వాళ్లనీ తప్పు పట్టలేం.

బాట మీద నడకకు ఆటు కావాలి. నీరు లాగేస్తేనే కింద బురద బయటపడుతుంది. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలు, రెక్కల మీద లేచి బురదలో గెంతే చేపలు, మేకులు దిగ్గొట్టినట్టు పైకి లేచిన ఊపిరి వేళ్లు అప్పుడే కనిపిస్తాయి. పడవకు మాత్రం పోటు కావాలి. నీళ్లు తక్కువైతే పడవ చిన్న పాయల్లోకి పోలేదు, పెద్ద కాలువలోనే తిప్పి తెచ్చేస్తారు. ఒకే గంటలో రెండూ బాగా చూడటం కుదరదు.

లెక్క తేలికే. ఆటుకీ పోటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. పోటు వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఈ ఆదివారం ఉదయం పదింటికి నిండు పోటుంటే వచ్చే ఆదివారం అదే వేళకు నీరు అట్టడుగున ఉంటుంది. కాకినాడ రేవు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి, కాలువల్లోకి నీరు చేరేసరికి ఇంకొంత ఆలస్యమవుతుందని గుర్తుంచుకోండి. పడవవాళ్లను "పోటెప్పుడండీ?" అని అడిగితే ఇంకా కచ్చితంగా చెబుతారు. మాకు నచ్చింది ఉదయం పదీ పదిన్నరకు ఆటు ముగిసే రోజు: తొమ్మిదిన్నరకు బాట ఎక్కి గంటన్నర నెమ్మదిగా నడిచి, బయటికొచ్చి భోంచేసి, ఒంటిగంట దాటాక పడవ ఎక్కడం. పొద్దున్నే పోటుంటే పడవ ముందు, నడక మధ్యాహ్నం. అమావాస్య, పౌర్ణమి దగ్గరైతే నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ, బురద అంతగా బయటపడదు.

తిథి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. పుష్య బహుళ అమావాస్య నాడు మాత్రం అటు వెళ్లకండి. ఆ రోజు చొల్లంగి అమావాస్య, సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు, అదే రోడ్డు. కార్తీక మాసం ఆదివారాలు కూడా వనభోజనాల రద్దీయే, మామూలు రోజు చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ మెత్తన, వలస పక్షులూ ఉంటాయి. కాకపోతే నవంబరు తుఫాన్ల నెల, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే పడవలు ఆగిపోతాయి, ముందు రోజు వాతావరణం చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లను తీసుకెళ్లకండి, ఉక్కపోతకు అరగంటలోనే నీరసపడతారు.

చెట్లలో పిల్లలకు చూపించాల్సినవి మూడు. తెల్లమడ ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, అడుగున బూడిద తెలుపు. లోపలికి పీల్చిన ఉప్పును ఆకు మీదే విడిచేస్తుంది. ఎండిన పొద్దుట వేలితో రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా తెలుస్తుంది. ఉప్పుపొన్నకు కొమ్మల నుంచి దిగిన ఊతవేళ్లుంటాయి, విత్తనం చెట్టు మీదే మొలిచి ములక్కాడలా వేలాడుతుంది. మూడోది తిల్ల, దీన్ని దూరం నుంచే చూపించండి. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, రాలే ముందు ఎర్రబడతాయి, అందుకే పిల్లలు తెంపబోతారు. తెంపితే పాలు కారతాయి, కంట్లో పడితే చాలా ప్రమాదం. పొరపాటున పడితే రుద్దకుండా మంచినీళ్లతో పావుగంట కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఉప్పు రుచి ఆటకు ముందే "జంట ఆకులు మాత్రమే" అని గట్టిగా చెప్పేయండి.

బావురుపిల్లి, నీటికుక్క పేర్లు చెప్పి ఆశ పెట్టకండి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగలు కనబడటం అదృష్టమే. లకుముకిపిట్ట, గరుడపక్షి, కొంగలకు మాత్రం కొదవ లేదు.

చెక్కల బాట వానకు, మంచుకు జారుతుంది. చెక్కల మధ్య సందుల్లో హవాయి చెప్పు ముందుభాగం ఇరుక్కుంటుంది, వెనక పట్టీ ఉన్నవి వేయించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చివరిదాకా పోనక్కర్లేదు, మొదటి పావువంతులోనే బురద, పీతలు, వేళ్లు అన్నీ కనిపిస్తాయి. దోమలున్నాయి, నీడలో మరీను. చేతులు నిండుగా కప్పే బట్టలు, పూసుకునే మందు తప్పనిసరి.

పడవలో అందరూ పట్టించుకోనిది లైఫ్ జాకెట్ కొలత. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేస్తే అది ఆ పిల్లాడిది కాదు, చిన్నది అడగండి. బెల్టులన్నీ బిగించాలి. బరువు రెండు పక్కలా సమంగా ఉండేలా కూర్చోవాలి, ఫొటో కోసం ఒకే పక్కకు లేవకూడదు.

హోప్ ఐలాండ్ సంగతి చాలామంది అడుగుతారు. కాకినాడను కెరటాల నుంచి కాచే ఇసుకదిబ్బ అది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ అక్కడే. కానీ దూరం, గాలి లేస్తే అలల కుదుపు. ఐదేళ్ల లోపు పిల్లలుంటే ఆ సంగతి వదిలేయండి.

తిండికి పులిహోర నమ్మకమైంది. దద్దోజనం చేస్తే పాలు ఎక్కువ, తోడు కాస్త వేసి కలపండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. పెరుగే కలిపితే తినేసరికి పుల్లబడిపోతుంది. మనిషికి లీటరు నీళ్లు, స్టీలు సీసాల్లో. టిక్కెట్టు వేరు, పడవ రుసుం వేరు, చిల్లర దగ్గర ఉంచుకోండి. మరుగుదొడ్డి పని గేటు దగ్గరే ముగించుకుని లోపలికి వెళ్లండి.

కోనసీమ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా రోడ్డు హాయిగా ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లు, కాకినాడ దాకా బండి దొరక్కపోతే, సామర్లకోటలో దిగడం మేలు.

బట్టలకు అంటిన నల్లబురద చచ్చిన వాసన కొడుతుంది, గాలి తగలని మట్టి కాబట్టి. దారిలో తడిగుడ్డతో తుడవకండి, లోపలికి ఇంకిపోతుంది. ఇంటికొచ్చాక పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే నానబెట్టండి.